చూసేవాళ్ళు లేరని ధ్రువీకరణ

మా కార్యాలయం పేరు శ్రామిక మహిళల శిశు సంరక్షణ సౌకర్యాల మెరుగుదల విభాగం, డివిజనల్ కార్యాలయం. పేరంతా ఒకే బోర్డు మీద పట్టక పెయింటరు రెండు బోర్డులు రాసి గుమ్మానికి అటొకటి ఇటొకటి కొట్టాడు. నేనక్కడ సీనియర్ అసిస్టెంటుని. పేరు పానకాలు. చేరి ఆరేళ్ళయింది.

ఈ ఆరేళ్ళలో మేం ఒక్క సౌకర్యాన్నీ మెరుగుపరచలేదు. అందుకు మమ్మల్ని తప్పు పట్టడానికి లేదు. మెరుగుపరచడం మా విధి. ఏర్పాటు చేయడం వేరే శాఖ విధి. ఆ శాఖ ఇంకా ఏర్పాటు కాలేదు. కూలికి వెళ్ళే తల్లుల పిల్లల్ని పగటిపూట ఉంచే చోటు మా పట్టణంలో ఒక్కటీ లేదు కాబట్టి, మేం సరిదిద్దవలసిన లోపమూ ఒక్కటీ లేదు. మూడు నెలలకోసారి పైకి వెళ్ళే నివేదికలో ‘లోపములు: లేవు’ అని రాసేవాణ్ణి. రాష్ట్రం మొత్తం మీద అలా రాయగలిగిన డివిజను మాదొక్కటేనని మా అధికారి చక్రధరరావు గారికి కొంత గర్వంగా కూడా ఉండేది.

చక్రధరరావు గారు చెడ్డవారు కారు. అర్జీ పట్టుకొచ్చినవాళ్ళ దగ్గర కప్పు టీ కూడా తాగి ఎరగరు. ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో ఒక్క నిబంధననూ అటూ ఇటూ జరపలేదు. మాట్లాడినా డిక్టేషన్ ఇస్తున్నట్టే ఉంటుంది. కూరలో ఉప్పు తక్కువైతే ఇంట్లో ‘లవణము విషయమై తగు చర్య తీసుకొనవలెను’ అంటారని మా అటెండరు ఏడుకొండలు చెప్పేవాడు. నేను నమ్మలేదు గానీ, కాదనడానికీ నా దగ్గర ఆధారం లేదు.

ఫిబ్రవరిలో, మిరప యార్డు నిండి రోడ్డు మీదికి కూడా బస్తాలు వచ్చేసిన రోజుల్లో, సలోమి మా గుమ్మం ఎక్కింది. పాతికేళ్ళుంటాయి. యార్డులో మిరపకాయల తొడిమలు తీసే పని. చంకలో పదహారు నెలల ఆడపిల్ల, పేరు కీర్తన. పిల్ల కళ్ళు రెండూ ఉబ్బి, ఎర్రగా, సగం మూసుకుపోయి ఉన్నాయి.

ఫారం నింపించాను. పదకొండో గడి దగ్గర బండి ఆగింది. ‘ప్రస్తుతము శిశువును ఎవరు చూసుకొనుచున్నారు?’ అని ఆ గడిలో ప్రశ్న. సలోమి ‘ఎవరూ లేరు’ అని రాయమంది. రాసి, ఫారంతో పాటు ఆమెను అధికారి గదిలోకి తీసుకెళ్ళాను.

చక్రధరరావు గారు ఫారం చూశారు, పిల్లను చూశారు, మళ్ళీ ఫారం చూశారు.

“ఇట్లు వ్రాయుట కుదరదమ్మా. పదహారు మాసముల శిశువు, చూసుకొనువారు ఎవరును లేనిచో జీవించి ఉండుట అసంభవము. ఈ శిశువు నా ఎదుట జీవించియే ఉన్నది. కావున ఎవరో చూసుకొనుచున్నారు.”

“నేనే సార్.”

“తల్లియే చూసుకొనుచున్నచో సౌకర్యముతో పని లేదు.”

“పనిలో ఉంటే ఎట్టా చూసేది సార్? గోనెపట్టా మీద పడుకోబెడతా. ఘాటుకి కళ్ళు తెరవదు. ఏడుస్తంది కదా అని ఎత్తుకుంటే నా చేతులకున్న కారానికి ఇంకా ఏడుద్ది. ఎన్నిసార్లు కడిగినా ఈ మంట పోదు సార్. దాన్ని నేను ముట్టుకోకుండా ఉండటమే దానికి మంచిదిగా ఉంది.”

చక్రధరరావు గారు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టారు. ఆయనకు బాధ కలిగిందని నాకు తెలుసు. బాధ కలిగినప్పుడల్లా ఆయన అలాగే చేస్తారు.

“చూసుకొనువారు లేరని నోటిమాటగా చెప్పినచో చాలదు. దానికి ధ్రువీకరణ ఉండవలెను. ధ్రువీకరణ పొందిన పిల్లలు తగినంతమంది ఉన్నచో, ఒక గది కొరకు పైకి వ్రాయగలను. ధ్రువీకరించు విధానము ఇంతవరకు లేదు. రూపొందించెదను. సోమవారము రమ్ము.”

మూడు రోజులు ఆయన ఆ విధానం మీద కూర్చున్నారు. సోమవారానికి మెమో తయారైంది. సలోమికి నేనే చదివి వినిపించాను.

‘శిశువును ఉదయము తొమ్మిది గంటలకు ఈ కార్యాలయమునందు హాజరుపరచవలెను. తల్లి గాని, ఇతర బంధువులు గాని సాయంకాలము ఐదు గంటల వరకు ఆవరణలో ఉండరాదు. ఇట్లు ఎడతెగక పదిహేను దినములు శిశువు నిమిత్తము ఎవరును రానిచో, సదరు శిశువును చూసుకొనువారు లేరని నిర్ధారణ అగును.’

సలోమి నిదానంగా విన్నది. మళ్ళీ చదవమంది. చదివాను.

“పొద్దున తొమ్మిదింటికి తెచ్చి ఇక్కడ వదిలెయ్యాలా సార్?”

“వదలవలెను” అన్నారు చక్రధరరావు గారు.

“సాయంత్రం దాకా నేను రాకూడదా?”

“ఒక్క నిమిషము కూడా రారాదు. వచ్చినచో అర్హత పోవును.”

ఆమె తల వంచుకుంది. నవ్వు దాచుకోవడానికని అప్పుడు నాకు తట్టలేదు.

“సరే సార్. రూలు రూలే కదా” అని పిల్లను మా టైపిస్టు హైమావతి గారి బల్ల మీద కూర్చోబెట్టి యార్డుకు వెళ్ళిపోయింది.

కీర్తన తొమ్మిదింటికి మొదలుపెట్టి పదీ ఇరవై దాకా ఏడ్చింది. ఎవరం కదల్లేదు. ఎత్తుకుంటే చూసుకున్నట్టవుతుంది. చూసుకునేవాళ్ళు ఉన్నారని తేలితే పిల్లకు అర్హత పోతుంది. పిల్ల మంచికోరి పిల్లను ముట్టుకోకుండా కూర్చున్నాం. హైమావతి గారు ఒకే లైను నాలుగుసార్లు టైపు చేశారు. చివరికి లేచి అధికారి గదిలోకి వెళ్ళారు.

“సార్, నావల్ల కావట్లేదు. నేను ఎత్తుకుంటాను. మెమో ఇచ్చుకోండి.”

చక్రధరరావు గారు పెన్ను మూత తీశారు, పెట్టారు, మళ్ళీ తీశారు. పది నిమిషాల్లో అనుబంధ మెమో వచ్చింది. ‘శిశువు రోదన కార్యాలయ విధులకు ఆటంకము. ఆటంక నివారణ చర్యగా సిబ్బంది శిశువును ఎత్తుకొనవచ్చును. ఇది చూసుకొనుట క్రిందికి రాదు.’

ఆ మెమో తర్వాత మాకు దారి దొరికింది. మధ్యాహ్నం పిల్లకు ఆటంక నివారణగా పాలు పట్టాం. రికార్డు గదిలో పాత దస్త్రాలు కట్టే ఎర్రగుడ్డ పనికొచ్చింది. ఏడుకొండలు దాన్ని కిటికీ ఊచలకీ బీరువా పిడికీ కట్టి ఉయ్యాల వేశాడు. పిల్ల నాలుగింటి దాకా నిద్రపోయింది. ఐదింటికి సలోమి వచ్చి, చేతులు కొంగులో చుట్టుకుని, గుమ్మం అవతలే నిలబడి పిల్లను అందుకుంది.

మర్నాడు పదకొండు మంది పిల్లలు వచ్చారు. యార్డులో మెమో సంగతి పాకిపోయింది. నాగూర్‌బీ అనే ముసలామె మనవణ్ణి తీసుకొచ్చింది.

“నీవు నాయనమ్మవు గదా, నీవే చూసుకొనవచ్చును గదా?” అని అడిగారు చక్రధరరావు గారు.

“నేను కూడా తొడాలు తీస్తా సాబ్, ముప్పై ఏళ్ళ బట్టి. నా కంట్లో ఇప్పుడు మీరు మసగ్గా కనపడతన్నారు. వీడికన్నా కళ్ళు నిలబడనీయండి.”

వాణ్ణి ఆయనే అందుకుని నాకిచ్చారు.

వారం తిరిగేసరికి నలభై ముగ్గురు పోగయ్యారు. శనివారం సాయంత్రం నాకొక అనుమానం వచ్చింది.

“సార్, రేపు ఆదివారం. కార్యాలయం ఉండదు.”

“అవును.”

“ఎడతెగక పదిహేను దినాలు అని మెమోలో ఉంది.”

చక్రధరరావు గారు క్యాలెండరులో ఎర్ర అంకెల్ని వేలితో లెక్కపెట్టారు. “ఆదివారము తెగును” అన్నారు చివరికి. “సోమవారము నుండి మరల ఒకటవ దినముగా లెక్కించవలెను.”

అంటే ఏ వారానికి ఆ వారం మళ్ళీ మొదటికి వస్తుంది. ఈ లెక్కన పదిహేనో రోజు ఎప్పటికీ రాదు. ఈ మాట తల్లులకు ఎలా చెప్పాలా అని నాకు భయం వేసింది. సోమవారం పొద్దున గుమ్మం దగ్గర నిలబడి చెప్పాను. నలభై ముగ్గురు తల్లుల్లో ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

“మొదటి నించా? అట్టాగే కానీయండి” అంది సలోమి. “మాకేం తొందర లేదు సార్.”

మార్చి నెలాఖరుకి మా కార్యాలయం స్వరూపం మారింది. దస్త్రాలు కింది అరల్లోంచి పై అరల్లోకి పోయాయి. పిన్నులు, గుండుసూదులు బీరువాలో పెట్టి తాళం వేశాం. అన్నం సంగతికి మరో మెమో పడింది. తల్లులు డబ్బాలు పంపిస్తే బంధువులు చూసుకున్నట్టవుతుంది కాబట్టి వంట ఇక్కడే కావాలి. హైమావతి గారు ఇంటి నుంచి బియ్యం తెచ్చారు. ఏడుకొండలు తన చేలో పండిన కందులు విసిరించి తెచ్చాడు. పాలు అధికారి గారింటి నుంచి వచ్చేవి. టీ కాచే పొయ్యి మీద పప్పన్నం ఉడికేది. రిజిస్టరులో దాన్ని ‘ఆటంక నివారణ ఆహారము’ అని రాసేవాణ్ణి. గుమ్మానికి ఉన్న బోర్డుల్లో ఒకటి మేకు ఊడి కింద పడితే, ఏడుకొండలు దాన్ని మెట్ల మీద ఏటవాలుగా ఆనించాడు. పిల్లలు దాని మీద జారడం నేర్చుకున్నారు. రెండోది పిల్లలే ఊడదీయించుకున్నారు.

అర్జీదారులు వచ్చినప్పుడు మేం చెప్పే మాటలు వినీ వినీ కీర్తనకు మాటలు వచ్చాయి. అమ్మ, అత్త కంటే ముందు ‘రేపు రా’ అంది. సాయంత్రం సలోమి చేతులు చాస్తే ‘రేపు రా’ అని హైమావతి గారి మెడ పట్టుకుంది. సలోమి నవ్వింది గానీ, ఆ నవ్వు వెనక కొంచెం నొప్పి ఉంది. హైమావతి గారు ఆ రోజు నుంచి ఐదింటికి పావుగంట ముందే పిల్లకు ‘అమ్మ వస్తుంది, అమ్మ వస్తుంది’ అని పాఠం చెప్పడం మొదలుపెట్టారు.

పిల్ల కళ్ళు మాత్రం తేటగా తెరుచుకున్నాయి. పెద్ద కళ్ళని అప్పుడు తెలిసింది.

చక్రధరరావు గారి బల్ల కింద ఎప్పుడూ ముగ్గురో నలుగురో ఉండేవారు. ఆయన సంతకం పెట్టేటప్పుడు కాళ్ళు కదపకుండా కూర్చోవడం అలవాటు చేసుకున్నారు. ఒకనాడు మధ్యాహ్నం, పిల్లలంతా పడుకున్నాక, నాతో మెల్లగా అన్నారు.

“పానకాలు గారూ, నాకు ఇద్దరు కుమార్తెలు. వారి బాల్యమంతయు నేను బదిలీలపై వేరు ఊళ్ళలో ఉంటిని. పెద్దది నడక నేర్చినట్లు ఉత్తరము ద్వారా సమాచారము అందినది. రెండవదానికి అదియు అందలేదు.”

అంతే అన్నారు.

ఏప్రిల్లో రాజధాని నుంచి తనిఖీ వచ్చింది. అదనపు సంచాలకులు వకుళాదేవి గారు స్వయంగా వచ్చారు. జీపు దిగి లోపలికి వస్తూనే గుమ్మంలో ఆగిపోయారు. పద్నాలుగు ఉయ్యాలలు, చాప మీద పప్పన్నం తింటున్న పాతికమంది, మెట్ల మీద జారుతున్న ఇద్దరు. ఆమె తన చెక్‌లిస్టు తీశారు. గంటసేపు గది గదీ తిరిగారు. కాటా తెప్పించి పిల్లల్ని తూచారు. ఉయ్యాల ముళ్ళు లాగి చూశారు. తర్వాత చక్రధరరావు గారి కుర్చీలోనే కూర్చున్నారు.

“నిర్వచనము ప్రకారము, ఆరు సంవత్సరముల లోపు పిల్లలు పదిమందికి తగ్గకుండా, దినమునకు నాలుగు గంటలకు తగ్గకుండా, బంధువులు కానివారి పర్యవేక్షణలో ఉండు స్థలము శిశు సంరక్షణ కేంద్రము. ఇది శిశు సంరక్షణ కేంద్రము.”

“చిత్తము, కాదు మేడమ్. ఇది డివిజనల్ కార్యాలయము. వీరు ధ్రువీకరణలో ఉన్న శిశువులు.”

“బోర్డు ఏదీ?”

చక్రధరరావు గారు మెట్ల వైపు చూశారు. అప్పుడే నాగూర్‌బీ మనవడు ‘సంరక్షణ’ మీదుగా ‘విభాగం’ మీదికి జారాడు.

వకుళాదేవి గారు రాసుకున్నారు. “కేంద్రము నిర్వహణ బాగున్నది. నేను చూసిన వానిలో ఇంత బాగున్నది లేదు. పిల్లలందరికి బరువు తగినంత ఉన్నది. ఒక్కటే పెద్ద లోపము. కేంద్రము ఆవరణలో అనుమతి లేకుండా ఒక ప్రభుత్వ కార్యాలయము నడుపబడుచున్నది. ఇనుప బీరువాలు, సిరా, అపరిచిత వ్యక్తుల రాకపోకలు. పిల్లలకు ఇది హానికరము. ఏడు దినములలో కార్యాలయమును ఖాళీ చేయించవలెను.”

“మేడమ్, కార్యాలయము ముందునుండియు ఇచ్చటనే ఉన్నది.”

“ఎంతకాలముగా ఉన్నదన్నది కాదు, ఉండవచ్చునా అన్నది ప్రశ్న. మీకు ఇంకొక మార్గము కలదు. పిల్లలను పంపివేసినచో ఇది తిరిగి కార్యాలయమగును. రెండింటిలో ఏదో ఒకటి నిర్ణయించి రేపటిలోగా సంతకము చేసి పంపండి.” ఆమె లేచారు. వెళ్ళే ముందు కిటికీ దగ్గర ఉయ్యాలను ఒకసారి ఊపి మరీ వెళ్ళారు.

చక్రధరరావు గారు ఆ సాయంత్రం తల్లులందరినీ నిలబెట్టి విషయం చెప్పారు. కార్యాలయం లేకపోతే తాను అధికారి కాడు. ఇంకా ఏడాదిన్నర సర్వీసు ఉంది. నిబంధన ప్రకారం కార్యాలయాన్ని కాపాడుకోవడం అధికారి మొదటి విధి. కాబట్టి రేపు పొద్దున పిల్లలకు ఖాళీ నోటీసు ఇవ్వక తప్పదు. ఇదంతా చెప్పేటప్పుడు ఆయన ఎవరి ముఖమూ చూడలేదు.

తల్లులు గొడవ చేయలేదు. అరిచి ఉంటే మాకు తేలికగా ఉండేది. వాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని నిలబడ్డారు, అంతే. నాగూర్‌బీ మనవడి కళ్ళను కొంగుతో తుడిచింది. వాడి కళ్ళల్లో ఏమీ లేదు.

సలోమి ఒక్కతే అడిగింది. “నోటీసు ఎవురికిస్తారు సార్? మాకా, పిల్లలకా?”

“ఆవరణలో ఎవరున్నారో వారికి. అనగా పిల్లలకు.”

“అయితే వాళ్ళు అందినట్టు వేలిముద్ర వెయ్యాలి గదా.”

“వేయవలెను. మైనర్లు గనుక సంరక్షకుల సమక్షములో వేయవలెను.”

“మేం ఆవరణలోకి రాకూడదని మీరే రాశారు సార్.”

సలోమి గెలిచినట్టు చూడలేదు. పిల్లను భుజం మార్చుకుంది.

“మాట వరసకి అడిగా సార్. మీరు పంపిచ్చేస్తే తీసుకుపోతాం. రేపు మాత్రం తెస్తా. రేపటి రోజైనా దాని కళ్ళు చల్లగా ఉంటయ్.”

మర్నాడు పొద్దున రెండు కాగితాలు టైపు చేయించి ఆయన బల్ల మీద పెట్టాను. ఒకటి పిల్లల్ని పంపేది, ఒకటి కార్యాలయాన్ని పంపేది. ఆయన మొదటిదాన్ని ముందుకు లాక్కుని పెన్ను మూత తీశారు. అప్పుడు కీర్తన బల్ల కిందనుంచి పాక్కుంటూ వచ్చి ఆయన మోకాలు పట్టుకుని లేచింది. రోజూ ఎక్కే పిల్లే. ఎక్కింది. చొక్కా గుండీ పట్టుకుని, రెండు నిమిషాల్లో ఆయన కుడి చెయ్యి మీద తల వాల్చి నిద్రపోయింది.

పెన్ను ఆ చేతిలోనే ఉంది.

“సార్, పిల్లను తీసుకోమంటారా?” అన్నాను.

“వలదు. లేచును.”

అరగంట గడిచింది. రాజధాని నుంచి ఫోను వచ్చింది. ఏడుకొండలు రిసీవరు ఆయన ఎడమ చెవి దగ్గర పట్టుకున్నాడు. వకుళాదేవి గారి గొంతు నాకూ వినబడింది. నిర్ణయం ఏమైందని.

చక్రధరరావు గారు గొంతు బాగా తగ్గించి మాట్లాడారు. “మేడమ్, నిద్రించుచున్న లబ్ధిదారును తొలగించుటకు నిబంధనలలో ఏర్పాటు లేదు. నేను చూచితిని.”

“లేచిన తర్వాత తొలగించండి.”

“ఇచ్చట నలభై ముగ్గురు కలరు మేడమ్. ఏ సమయమునందైనను ఎవరో ఒకరు నిద్రించుచునే ఉందురు. కార్యాలయమైతే ఎప్పుడును మేల్కొనియే ఉండును. దానిని తొలగించుట సులభము.”

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో బహుశా ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే. మా కార్యాలయం ఆరేళ్ళుగా నిద్రపోతున్న సంగతి మాకందరికీ తెలుసు.

ఎడమ చేత్తో, వంకరగా, రెండో కాగితం మీద సంతకం పెట్టారు.

వారం లోపల బీరువాలు లారీ ఎక్కి జిల్లా కేంద్రంలో ఏదో గోదాములోకి పోయాయి. మా కార్యాలయానికి గది కేటాయించే విషయం పైన పరిశీలనలో ఉంది. గది దొరికేదాకా అధికారీ సిబ్బందీ పాత చిరునామాలోనే హాజరు కావాలని ఉత్తర్వు వచ్చింది. పాత చిరునామా అంటే పిల్లల కేంద్రమే. అందువల్ల మేం నలుగురం రోజూ తొమ్మిదింటికి వచ్చి, చేయడానికి కార్యాలయ పని ఏదీ లేక, మిగిలిన పని చేస్తున్నాం. హైమావతి గారు పాటలు నేర్పుతారు. ఏడుకొండలు వండుతాడు. నాకు గోళ్ళు కత్తిరించే పని అప్పజెప్పారు. నలభై ముగ్గురికి ఎనిమిది వందల అరవై గోళ్ళు. ఒక చివరి నుంచి మొదలుపెట్టి రెండో చివరికి వచ్చేసరికి మళ్ళీ పెరిగి ఉంటాయి.

పోయిన గురువారం ఇటుక బట్టీల నుంచి ఒకామె వచ్చింది. పేరు తిరపతమ్మ అని చెప్పింది. వీపున ఒకడు, చంకన ఒకడు, కవలలు. ఇద్దరి ఒంటి నిండా ఎర్రమట్టి. గుమ్మం దగ్గర నిలబడి, ఇక్కడేదో ఆఫీసు ఉండాలంట, దరఖాస్తు ఇవ్వాలంట అంది.

చక్రధరరావు గారు చాప మీద కూర్చుని ఒకడికి అన్నం కలుపుతున్నారు. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి.

“కార్యాలయము ఇచ్చట లేదమ్మా” అన్నారు. “తరలిపోయినది.”

ఆమె ముఖం వాడిపోయింది. “యాడికి పోయింది బాబయ్యా? నేను ఇటికల పని వదులుకుని ఇంత దూరం వచ్చా. దరఖాస్తు ఎవురికియ్యాలి?”

ఆయన చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, లేచి గుమ్మం దాకా వచ్చారు. చంకలో వాణ్ణి అందుకుని, మట్టి దులిపి, ముఖం తన వైపు తిప్పుకుని చూశారు.

“దరఖాస్తు సంగతి తర్వాత చూద్దాం గానీ,” అన్నారు, “వీళ్ళు పొద్దున ఏమన్నా తిన్నారా?”